మంచువానలో మాకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

2023 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరాన్ని కమ్మేసిన మంచువానలో, అపార్టుమెంటు ముందు నిలిపి ఉంచిన మా రెండు కార్లూ దెబ్బతిన్న సంగతి ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలిసిందే. అప్పుడు ఆదుకున్న వారందరికీ ఫోన్లో చెప్పుకున్నా తనివి తీరక, నా భార్య తరఫున, నా తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ రాయడం లేదు.

ఆ మూడు రోజులూ పడింది పొడిమంచు కాదు, తాకిన చోటల్లా గడ్డకట్టే వాన. మా పార్కింగ్ మీదికి వాలిన లైవ్ ఓక్ చెట్లు చలికాలంలోనూ పచ్చగానే ఉంటాయి కనుక ఆకు ఆకుకీ ఐసు పట్టింది. చదరపు అడుగు మేర అంగుళం మందాన పేరుకున్న ఐసే రెండు కిలోలు దాటి తూగుతుంది. ఇక ఒక పెద్ద కొమ్మ మోయవలసిన బరువు ఎంతో ఊహించుకోవచ్చు. రాత్రంతా కొమ్మలు ఫెళఫెళా విరుగుతూనే ఉన్నాయి. తెల్లవారి చూస్తే పెద్ద కారు పైకప్పు లోపలికి కుంగి, వెనక అద్దం పగిలి, మా అబ్బాయి కూర్చునే సీటు నిండా గాజుముక్కలు, ఆకులు, ఐసుపెంకులు కలగలిసి ఉన్నాయి. చిన్న కారుకు పక్క అద్దం (సైడ్ మిర్రర్) ఊడిపోయి, ముందు అద్దం బీటలు వారింది.

అందరికంటే ముందు మా కింది ఇంట్లో ఉండే మెక్సికన్ సోదరుడికి నమస్కారాలు. చెట్లు కొట్టే పనిలో అనుభవమున్న ఆయన, నేను కొమ్మను పట్టి లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. పైన ఇంకేమైనా వేలాడుతున్నాయా, కరెంటు తీగ ఎక్కడైనా చిక్కుకుందా అని చుట్టూ తిరిగి చూసుకున్నాకే రంపం అందుకున్నారు. బరువుకు ఒంగి బిగిసిన కొమ్మను ఎక్కడపడితే అక్కడ కోస్తే విసురుగా లేచి మనిషిని కొడుతుందని చెప్పి, చివరల నుంచి కొద్దికొద్దిగా తెగ్గోస్తూ వచ్చారు. కూలి ఇవ్వబోతే ససేమిరా అన్నారు.

ఆయన రంపం పెట్టకముందే నాలుగు వైపులా ఫోటోలు తీయించిన ఘనత, ఇన్సూరెన్సు క్లెయిముల పని తెలిసిన మా పక్కింటి అక్కగారిది. విరిగిపడిన కొమ్మ వల్ల కలిగిన నష్టం కొలిజన్ (ఢీకొన్నప్పుడు కలిగే నష్టానికి బీమా) కింద కాక కాంప్రిహెన్సివ్ (చెట్టు పడడం, దొంగతనం వంటి ఇతర నష్టాలకు బీమా) కింద వస్తుందనీ, మరింత పాడవకుండా కారును కాపాడుకోవడం మన బాధ్యతేననీ, అందుకయ్యే ఖర్చుల రసీదులు దాచుకోవాలనీ వివరించారు. అపార్టుమెంటు ఆఫీసు ఒకే ఒక్క వాక్యంలో చేతులు దులుపుకున్న రోజున ఆమె మాటే మాకు ధైర్యం. డిడక్టబుల్ (ముందుగా మేము భరించవలసిన మొత్తం) పోను పెద్ద కారు మరమ్మతు ఖర్చంతా వచ్చింది.

చిన్న కారుకు లయబిలిటీ (మన వల్ల ఇతరులకు కలిగే నష్టానికి బీమా) మాత్రమే ఉంది కాబట్టి దానికి పైసా రాదు. యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇద్దరు తమ్ముళ్ళు పాత కార్ల యార్డులో వెతికి, అదే రంగు పక్క అద్దం తెచ్చి స్వయంగా బిగించారు. రంగుతో సహా కుదరడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఒక దశలో నగరంలో 1,70,000కు పైగా కనెక్షన్లకు కరెంటు లేదు. మా ఇల్లూ వాటిలో ఒకటి. అప్పుడు ఆస్టిన్ పక్కనున్న సీడర్ పార్క్ నుంచి వచ్చి మమ్మల్ని తమ ఇంటికి తీసుకువెళ్ళి, మా కారు షెడ్డు నుంచి వచ్చేదాకా తమ రెండో కారు తాళాలు మా చేతిలో పెట్టిన దంపతులకు ఎంతగానో రుణపడి ఉన్నాము.

మరొక్క విషయం. పగిలిన వెనక అద్దం మీద ఎవరో మాకు చెప్పకుండానే నీలిరంగు టార్పాలిన్ కప్పి, తాళ్ళతో గట్టిగా కట్టి వెళ్ళారు. ఎంత అడిగినా ఎవరో తెలియలేదు. దానిని ఆరబెట్టి, మడిచి, తాళ్ళతో సహా మా ఇంట్లో ఉంచాము. ఎవరిదో దయచేసి తెలియజేస్తే ఇంటికి తెచ్చి అందజేస్తాము.