కూరగాయల రాయితీ ఎకరం రైతుకు అందాలంటే

సంపాదకులు గారికి,

వేసవి ముదిరేసరికి హైదరాబాద్ మార్కెట్లు టమాటా కోసం మదనపల్లె వైపో, కర్ణాటకలోని కోలారు వైపో చూస్తాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి, వంటిమామిడి లాంటి దగ్గరి ప్రాంతాల్లో కూరగాయలు పండించేవాళ్లు తక్కువేం లేరు. కాకపోతే వాళ్లలో చాలామందివి ఎకరం, రెండెకరాల కమతాలు. పందిళ్లకు, ప్యాక్‌హౌస్‌లకు (కోసిన కాయలను ఏరి, తూచి, సర్దే షెడ్లకు) ప్రభుత్వాలు రాయితీ ఇస్తున్నాయి గానీ, ఆ పథకాల కొలతలు ఈ కమతాలకు నప్పడం లేదు. నిధులు పెంచడం కంటే ముందు ఆ కొలతలు మార్చాలని మా విన్నపం.

పందిరి సంగతే చూడండి. బీర, కాకర నేలమీద పాకితే కాయ వంకరపోతుంది, మట్టి తగిలినచోట మచ్చపడి కుళ్లుతుంది. పందిరెక్కితే కాయ నిటారుగా దిగుతుంది, కోత సులువు, ధరా మెరుగు. 20 అడుగులకొకటి చొప్పున రాతి కడీలు పాతితే ఎకరానికి 120 దాకా కావాలి. అంచు కడీలకు బయటివైపు లాగుడు తీగలు కట్టి, భూమిలో పూడ్చిన రాళ్లకు బిగించాలి. ఖర్చు కలిసొస్తుందని వాటిని వదిలేస్తే, నిండు కాపు మీద గాలివాన కొట్టినప్పుడు పందిరి మొత్తం లోపలికి వాలిపోతుంది. నల్లరేగడిలో ముప్పు ఇంకా ఎక్కువ. ఎండకు నేల పగిలి కడీ పట్టు వదులుతుంది. అందుకే తనిఖీకి వచ్చినవారు కడీల లెక్కతో సరిపెట్టుకోకుండా గుంత లోతు, లాగుడు తీగలు కూడా చూడాలి. పందిరి ఉంది కదా అని ఏటా బీర మీద బీర వేస్తే వేళ్లలో నులిపురుగు చేరుతుంది. దాన్ని తగ్గించడానికి మధ్యలో ఒక కారు బంతిపూలు వేసుకోమని మంజూరుతో పాటే చెప్పాలి.

ఇదంతా రైతు ముందు సొంత డబ్బుతో చేయాలి. ఆ తర్వాత బిల్లులు, పొలం ఎక్కడుందో చూపే జియోట్యాగ్ ఫొటోలు, తనిఖీ; అన్నీ అయ్యాకే ఖాతాలో రాయితీ. ఎకరానికి రెండు లక్షలు ఖర్చయి, సగం వెనక్కి రావాలనుకుందాం. ఆ లక్షను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఎనిమిది నెలలు ఎదురుచూస్తే 16,000 వడ్డీకే పోతుంది. అప్పు పుట్టనివాడు దరఖాస్తే పెట్టడు. దీనికి దారి మన దగ్గరే ఉంది. బిందు సేద్యంలో రైతు తన వాటా మాత్రమే కడతాడు. పరికరాలు బిగించిన కంపెనీకి మిగతాది ప్రభుత్వం చెల్లిస్తుంది. పందిరికీ అదే పద్ధతి పెట్టవచ్చు. అయితే బకాయిలు పేరుకుంటే కంపెనీలు పని ఆపేస్తాయి, నష్టపోయేది రైతే. చేతిలో ఉన్న నిధుల మేరకే మంజూర్లు ఇస్తే ఆ ఇబ్బంది రాదు.

కౌలురైతుకు ఈ దారి కూడా మూసుకుపోయింది. పాతిన కడీలు చివరికి భూమి యజమానికే మిగులుతాయి కాబట్టి కౌలుదారు పెట్టుబడి పెట్టలేడు, పాసుపుస్తకం ఇవ్వడానికి యజమాని ఒప్పుకోడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే చెల్లుతుంది. శాశ్వత పందిరికి అది ఏ మూలకు? తెలంగాణలో 2011 నాటి చట్టం కాగితం మీదే ఉంది. వెదురు, సర్వి కర్రలతో వేసి, విప్పి తీసుకెళ్లగలిగే పందిరికీ, టమాటా ఊతకర్రలకూ చిన్న మొత్తంలో రాయితీ ఇస్తే వీళ్లకు అక్కరకొస్తుంది. కర్ర మొదలుకు తారు పూస్తే చెదలు త్వరగా పట్టవు.

అసలు ఖాళీ ఎక్కడుందంటే, ఒంటరి రైతుకూ పెద్ద సంఘానికీ నడుమ. 2020లో కేంద్రం తెచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో మైదాన ప్రాంతాల సంఘానికి కనీసం 300 మంది సభ్యులుండాలి. ఊళ్లో కూరగాయలు బండికెక్కేది పది పదిహేను మంది కలిస్తేనే. టాటా ఏస్‌లో 750 కిలోలు, అంటే 25 కిలోల క్రేట్లు 30 పడతాయి. పదిమంది తలా మూడు క్రేట్లు కోస్తే బండి నిండినట్టే. ఇంత గుంపుకు రాయితీ ఇచ్చే 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ప్యాక్‌హౌస్ పెద్దది. 60 క్రేట్లు (సగం మార్కెట్లో, సగం పొలంలో తిరగడానికి), ఎలక్ట్రానిక్ కాటా, ఏరివేతకు బల్ల, పైన నీడ, పక్కన ఒక చల్లని తొట్టి ఉంటే చాలు. ఇవి డబ్బుగా కాకుండా వస్తువుగానే ఇవ్వాలి.

ఆ తొట్టి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించింది. కరెంటు అక్కర్లేదు. 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు గల ఇటుక నేల మీద 67.5 సెంటీమీటర్ల ఎత్తున జంట గోడలు కట్టి, నడుమ 7.5 సెంటీమీటర్ల సందులో ఇసుక నింపి, పొద్దున, సాయంత్రం తడపాలి. పైన వెదురు తడిక, తడి గోనె కప్పాలి. సుమారు 100 కిలోలు పడతాయి. మండు వేసవిలో బయటికంటే 10–15 డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఇసుకలో మట్టి కలిస్తే నీరు ఇంకదు. ఎండలో కడితే చల్లబడదు. వానాకాలం గాలిలో తేమ పెరిగితే పెద్దగా పనిచేయదు. ఉల్లి, వెల్లుల్లి ఇందులో పెట్టకూడదు. సాయంత్రం కోసిన బెండ, ఆకుకూర తెల్లారేదాకా వాడకుండా ఉండటానికి మాత్రం ఇంతకన్నా చవకైన ఏర్పాటు లేదు.

పండించినదాన్ని కొనేవాళ్లు దగ్గరే ఉన్నారు. మధ్యాహ్న భోజన నిబంధన ప్రకారం 6–8 తరగతుల పిల్లలకు రోజుకు తలా 75 గ్రాముల కూరగాయలు పెట్టాలి. 200 మంది పిల్లలుంటే 15 కిలోలు, అలాంటి బడులు ఇరవై కలిస్తే 300 కిలోలు. బంగాళదుంప, ఉల్లితో సహా అన్నీ ఒకరే సరఫరా చేయాలంటే ఎకరం రైతు నిలబడలేడు. ఆకుకూరలు, టమాటా, వంకాయ, తీగజాతి కాయలను వేరుచేసి దగ్గరి రైతు గుంపులకు ఇవ్వాలి. ఆ రోజు రైతుబజార్ బోర్డు మీదున్న ధర కట్టి, వారంలోపు డబ్బు వేయాలి. నెలలు ఆగాల్సి వస్తే రైతు మళ్లీ కమీషన్ ఏజెంటు దగ్గరికే వెళ్తాడు, ఎందుకంటే అతను ఆరోజే ఇస్తాడు.

చివరగా తేదీల సంగతి. వేసవి కూరగాయల విత్తనం జనవరి, ఫిబ్రవరిలో పడాలి. మార్చి నెలాఖరు హడావుడిలో ఇచ్చే మంజూరు ఆ వేసవికి అందదు. జూన్, జులైలో దరఖాస్తులు తీసుకుని దసరాలోపు మంజూరు చేసి, డిసెంబర్ కల్లా పందిరి పని ముగించేలా ఉద్యాన శాఖ క్యాలెండర్ మార్చాలి.

ఇట్లు,
కూరగాయల సాగు, అమ్మకాల పనిలో ఉన్న పాఠకులం,
రంగారెడ్డి జిల్లా