మెడ ఎంత తిరుగుతోందో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నోటి, గొంతు క్యాన్సర్ చికిత్స ముగించుకుని రివ్యూకి వెళ్లినవాళ్లను సాధారణంగా అడిగేది ఒకటే: "నొప్పేమైనా ఉందా?" లేదంటే స్కాన్ చూసి, మళ్లీ రావాల్సిన తేదీ రాసి పంపేస్తారు. మా బావగారూ లేదనే చెప్పారు. అబద్ధమేం కాదు. ఆపరేషన్ అయిన వైపు మెడంతా మొద్దుబారి ఉంది, ఇక నొప్పి ఎలా తెలుస్తుంది? కానీ చెంబెత్తి నీళ్లు పోసుకోలేరు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. పాకాల రోడ్డులో వెనకొచ్చే లారీని చూడలేక బతుకుతెరువైన ఆటోను అమ్మేశారు.

మెడలో లింఫు గ్రంథులు తీసేటప్పుడు మెడ నుంచి భుజం దాకా ఉండే ట్రెపీజియస్ కండరానికి వెళ్లే నరం దెబ్బతింటే భుజం జారిపోతుంది, చెయ్యి పైకి లేవదు. రేడియేషన్ వల్ల కండరాలు బిగుసుకుపోవడం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే ఒకసారి చూసి వదిలేస్తే చాలదు. చికిత్సకు ముందు ఎంత తిరిగేదో రాసిపెట్టకపోతే తర్వాత దేనితో పోల్చుతారు?

కొలవడానికి టైలరు టేపు చాలు. తల వంచితే గడ్డం ఛాతీకి ఎంత దూరంలో ఆగింది, పక్కకు తిప్పితే భుజానికి ఎంత దూరంలో ఆగింది అన్నది సెంటీమీటర్లలో రాయొచ్చు. కోణాలు కొలిచే గోనియోమీటర్ ఉంటే డిగ్రీల్లో. నోరు 35 మిల్లీమీటర్లైనా తెరుచుకోకపోతే దవడ పట్టేసినట్టే లెక్క. నొప్పికి 0 నుంచి 10 దాకా అంకె. మెడ వల్ల రోజువారీ పనులకు ఎంత ఇబ్బందో తెలిపే ప్రశ్నావళి, 1991లో వచ్చిన నెక్ డిసెబిలిటీ ఇండెక్స్‌లో నిద్ర, బరువులెత్తడం, బండి నడపడం లాంటి పది ప్రశ్నలున్నాయి. మన దగ్గర చెంబు ప్రశ్న కూడా కలపాలంటాను.

ఇవేవీ జరక్కపోతే మెడ పట్టేసిందని ఇంట్లోవాళ్లు నూనె మర్దనకో, పుత్తూరు కట్టుకో బయల్దేరతారు. రేడియేషన్ పడ్డ మెడను మెలితిప్పించడం ప్రమాదం. కొత్తగా నొప్పి మొదలైతే జబ్బు తిరగబెట్టిందేమో ముందు డాక్టరే తేల్చాలి.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి, దాని ఫిజియోథెరపీ కళాశాల, ఎముకల ఆసుపత్రి బర్డ్, అలిపిరి దగ్గర టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఇన్ని ఉన్న ఊళ్లో రివ్యూ రోజున క్యాన్సర్ ఓపీలో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టడం కష్టమా? అంతదాకా కనీసం కేసు షీటులో మెడ, భుజం, నోటి కొలతలకు మూడు గడులు అచ్చువేయించండి. దానికి ప్రత్యేకంగా నిధులేమీ అక్కర్లేదు.

– ఒక రోగి బంధువు, చంద్రగిరి