బంతిపువ్వు మనది కాదంట్రా సత్తీ!

ఒరేయ్ సత్తీ,

తిట్టుకో, కానీ తిట్టుకుంటూనే చదువు. నీ పుట్టినరోజు అక్టోబరులోనే వెళ్లిపోయింది, నేనేమో నవంబరు సగమయ్యాక రాస్తున్నాను. ఆఫీసులో ఆడిట్, పిల్లాడికి జ్వరం, అమ్మ హ్యూస్టన్ వచ్చింది, మోకాళ్లు మామూలే. ఇవన్నీ ఫోన్లో చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే ఉత్తరం.

నీకు గ్రీటింగ్ కార్డు కొందామని వెళ్లాను. రాశికో రాయి అన్నట్టు ఇక్కడ పుట్టిన నెలకో పువ్వు ఉంటుంది. అక్టోబరు వాళ్లకి ఏంటో తెలుసా? బంతి! షాపులోనే పగలబడి నవ్వాను. నీ పెళ్లి కారు, ఆ తుమ్ములు, మీ మావగారి మొహం... సరే, మళ్లీ మొదలుపెట్టను. 1819లో పారిస్‌లో పూల భాష మీద ఒక పుస్తకం వచ్చాక ఏ పువ్వుకి ఏ అర్థమో రాసుకునే పిచ్చి యూరప్‌లో బాగా ముదిరిందట. వాళ్ల లెక్కలో నీ పువ్వుకి అర్థం దుఃఖం! అయితే కంగారు పడకు. వాళ్లనుకున్నది కేలెండ్యులా, అది వేరే మొక్క. మన ముద్దబంతికీ దానికీ పేరొక్కటే కలిసింది.

అసలు కథ ఇక్కడుంది. పక్కింట్లో మెక్సికో ఆవిడ ఉంది. నవంబరు 1 సాయంత్రం అమ్మనీ నన్నూ పిలిచింది. పోయినవాళ్లు నవంబరు 1, 2 తేదీల్లో ఇంటికొస్తారని వాళ్ల నమ్మకం. గదిలో మెట్లు కట్టి వాళ్లాయన ఫొటో, రొట్టె, ఉప్పు, గ్లాసుతో నీళ్లు పెట్టింది. చుట్టూ బంతిపూలు, గుమ్మం నుంచి ఫొటో దాకా బంతిరేకులతో దారి. రంగూ వాసనా చూసుకుని ఆత్మలు ఆ దారిన వస్తాయట.

అమ్మ చూసి, "ఇదేంట్రా, మన దసరా గుమ్మం!" అంది. ఆవిడకి చెప్పాను. "మా పువ్వు మీ దేశం దాకా ఎలా వచ్చింది?" అని ఆశ్చర్యపోయింది. అమ్మ ఊరుకుంటుందా? "మా పువ్వే, మా నాయనమ్మ నాటి నుంచీ మా పెరట్లోదే. కావాలంటే బతుకమ్మ ఫొటోలు చూపించు" అని నా మీద పడింది. మధ్యలో నేను దుబాసీని. ఇద్దరిలో ఒక్కరూ తగ్గరే!

ఇంటికొచ్చి రాత్రంతా చదివాను. ఆవిడే గెలిచిందిరా. పుట్టిల్లు మెక్సికోనే. అక్కడ దాన్ని సెంపసూచిల్ అంటారు. స్పెయిన్ వాళ్లు 1521లో అక్కడి ఆజ్టెక్ రాజ్యాన్ని పడగొట్టాక సముద్రం దాటింది. మన మిరపకాయ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే కదా! 1552లో ఒక ఆజ్టెక్ వైద్యుడు రాసిన మూలికల గ్రంథంలో బంతి దేనికి మందో తెలుసా? పిడుగు దెబ్బకి, నది క్షేమంగా దాటడానికి, ఇంకా... ఎక్కిళ్లకి! వైవా రోజు ఇది తెలిసుంటే నీకు ఆ పేరు పడేది కాదు కదరా.

మా నాయనమ్మ బంతిని గుమ్మానికి కట్టనిచ్చేది గానీ దేవుడికి పెట్టనిచ్చేది కాదు. బయటి నుంచి వచ్చిందని ఎక్కడో గుర్తుండిపోయిందేమో. నా ఊహేలే. అయినా దసరాకి లారీ నుంచి లేత్ మిషన్ దాకా బంతి లేనిదే మనకి గడవదు. ఇన్ని వందల ఏళ్లు మన గుమ్మాల్లో వేలాడాక ఇంక పరాయిదని నేనైతే ఒప్పుకోను. అమ్మకీ అదే చెప్పాను.

అమ్మ గెలుపోటములు పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ దగ్గర నాలుగు పూలు అడిగి తెచ్చి నాన్న ఫొటో ముందు పెట్టింది. మన ఇంట్లో ఎప్పుడూ... సరే, అది ఇప్పుడొద్దు.

టమాటా చేను గట్ల మీద ఈసారి బంతి వేశావా? కాయతొలుచు పురుగు ముందు దాని మీద వాలుతుందని నువ్వే కదా చెప్పావు. దాని వేళ్లు మట్టిలో నులిపురుగుల్ని కూడా అణుస్తాయట, ఈ మధ్యే చదివాను. కోళ్ల మేతలో ఈ రేకుల సారం కలిపితే గుడ్డులో సొన పసుపెక్కుతుందట, మీ తమ్ముడి ఫారానికి పనికొస్తుందేమో అడుగు. ఇంకొకటి, ఆ మామిడికాయల సంగతి మీ ఆవిడకి చెప్పేశావని...

అయ్యో, స్కూలు బస్సు వచ్చేసింది, పిల్లాడి బూట్లు ఎక్కడున్నాయో ఏంటో. ఉంటా.

నీ
బుజ్జి