మనవడి నోటుపుస్తకంలో ఐరిష్ దీర్ఘం

సంపాదకులకు,

ఐర్లండ్‌లో ఐరిష్ మాధ్యమంలో చదివే పిల్లలకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తిన్నగా రాయడం రాదని గత వారం ఇదే శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. నిరుడు అక్టోబరు నుంచి మార్చి దాకా డబ్లిన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు నాకూ అదే భయం పట్టుకుంది. ముప్పయ్యేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు.

మనవడు వెళ్లేది గేల్‌స్కోల్‌కు, అంటే ఐరిష్ మాధ్యమం బడికి. గేటు దాటితే అంతా ఐరిషే, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఐరిష్‌లోనే అడగాలి. ఇలాంటి చాలా బడుల్లో మొదటి రెండేళ్లు ఇంగ్లీషు పాఠమే ఉండదు. చదవడం, రాయడం ముందు ఐరిష్‌లో మొదలుపెట్టి, ఒకటో తరగతిలో ఇంగ్లీషు అందుకుంటారు. మావాడు అప్పుడే ఒకటో తరగతికి వచ్చాడు.

ఒక సాయంత్రం వాళ్లమ్మ గురించి ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసి తెచ్చాడు. 'షీ' అనే మాటకు ఎస్ పక్కన ఐ రాసి, ఐ నెత్తిన ఏటవాలుగా ఒక గీత పెట్టాడు. 'వెరీ' అనే మాట బి, హెచ్‌లతో మొదలైంది. నేను ఎర్ర పెన్ను వెతుక్కుంటుంటే, "అమ్మమ్మా, అది ఫాద. అది ఉంటే సాగదీసి చదవాలి" అని నాకే పాఠం చెప్పాడు. ఫాద అంటే పొడవు అని అర్థమట. మన దీర్ఘమే! ఐరిష్‌లో ఎస్, దీర్ఘం పెట్టిన ఐ కలిస్తే పలుకు 'షీ', అర్థం కూడా 'ఆమె'. బి పక్కన హెచ్ చేరితే చాలాచోట్ల 'వ' అని పలుకుతుంది. వాడు నేర్చుకున్న సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు, కాకపోతే వేరే భాషలో.

ఇంకో సంగతి. ఇంగ్లీషు 'హ్యావ్'కు సరిపోయే క్రియ ఐరిష్‌లో లేదు. పుస్తకం 'నా దగ్గర ఉంది' అంటారు, ఆకలి 'నా మీద ఉంది' అంటారు. మనకూ ఆ క్రియ లేదు కదా. 'నాకు ఇద్దరు అన్నలు' అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో 'టు మీ' అని మొదలుపెట్టిన పిల్లల పుస్తకాలు ఎన్నింటిని ఎర్రబరిచానో!

వాడి స్పెల్లింగులు ఫిబ్రవరికల్లా చాలావరకు కుదురుకున్నాయి. బడిలో ఇంగ్లీషు రాత విడిగా, వరసగా నేర్పారు. శనివారాలు నేను వాణ్ని గ్రంథాలయానికి తీసుకెళ్లేదాన్ని.

2010లో అక్కడ జరిపిన జాతీయ పరీక్షల్లో గేల్‌స్కోల్ రెండో, ఆరో తరగతుల పిల్లలు ఇంగ్లీషు చదవడంలో దేశ సగటుకన్నా మెరుగ్గా ఉన్నారు. అయితే అది చదవడం సంగతి, రాయడం సంగతి కాదు. పైగా ఆ పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఇంగ్లీషే. బస్సులో, దుకాణంలో, టీవీలో ఎటు తిరిగినా అదే. అందుకే గేల్‌స్కోల్‌ను చూపించి మన తెలుగు మాధ్యమాన్ని సమర్థించేవారితోనూ నాకు పేచీ ఉంది. మా ఊరి పిల్లవాడికి బడి దాటితే ఇంగ్లీషు చెవిన పడదు. వాడికి రాతకన్నా ముందు వినికిడి కావాలి. అక్కడి పిల్లలకు వినికిడి బోలెడు, కావలసింది రెండు స్పెల్లింగు పద్ధతులను వేరు చేసి చూపించే టీచరు. ఇవి రెండూ ఒకే జబ్బు కావు, ఒకే మందూ పనిచేయదు.

మొన్న మనవడి నుంచి కార్డు వచ్చింది. ఏడు వాక్యాల ఇంగ్లీషులో తప్పులు రెండే. పైన 'అమ్మమ్మా' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివరి 'ఏ' మీద ఫాద పెట్టాడు. అక్కడ దీర్ఘం ఉండాల్సిందే.

- ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని, తెనాలి