అరకు రైలుకు అద్దాల బోగీతో పాటు జనరల్ బోగీలూ కావాలి

సంపాదకులు గారికి,

అరకు రైలు అనగానే అందరూ అద్దాల బోగీ గురించే మాట్లాడుతున్నారు. 2017లో విస్టాడోమ్ అనే ఆ బోగీ వచ్చినప్పుడు నేనూ సంతోషించాను, ఆ లోయలు అలా కూర్చుని చూడాల్సినవే. కానీ అదే రైలు జనరల్ బోగీల్లో ఎక్కేవాళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు.

నేను శృంగవరపుకోట (ఎస్.కోట)లో ఉంటూ ఈ లైన్లోని ఒక ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లిలో గిరిజన ఆడవాళ్లు పసుపు, సీతాఫలాలు, చీపుళ్ల మోపులతో ఎక్కుతారు. సంతకైనా ఆసుపత్రికైనా వాళ్లకు ఈ రైలే దిక్కు. సెలవుల్లో టూరిస్టులు జనరల్‌లోనూ కిక్కిరిసిపోతే మోపు దించుకునే చోటు కూడా ఉండదు. చంటిబిడ్డతో తలుపు దగ్గర నిలబడి వచ్చే తల్లుల్ని చూస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపడానికే 1960ల్లో కొండలు తొలిచి, 58 సొరంగాలతో ఈ కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. గూడ్సులు తగ్గించమని నేను అడగను. డబ్లింగ్ (రెండో లైను పని) జరుగుతోంది కదా, అది పూర్తయ్యాక ఎస్.కోట-అరకు మధ్య ఉదయం, సాయంత్రం ఒక చిన్న ప్యాసింజర్ నడపాలి. అప్పటిదాకా ఉన్న రైలుకే రెండు జనరల్ బోగీలు కలపాలి.

కటికి జలపాతానికి వెళ్లే కుర్రాళ్లు బొర్రా గుహలు స్టేషన్ నుంచి పట్టాల వెంబడే నడుస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ అదే దారి. 1989 రైల్వే చట్టం ప్రకారం అలా నడవడం నేరం. మరి నడిచేవాళ్లకు వేరే బాట చూపించాలి కదా! మలుపు తిరిగేదాకా గూడ్సు కనిపించని చోట్లు అక్కడ చాలా ఉన్నాయి. డబ్లింగ్‌కు ఎలాగూ మట్టి పనులు చేస్తున్నారు కాబట్టి, వీలున్నంత మేర పక్కన కంచె వేసి కాలిబాట వదిలితే ఊరికీ, టూరిజానికీ పనికొస్తుంది.

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వాల్తేరు రైల్వే డివిజన్ విభజన ప్రకారం ఈ లైను ఒడిశాలోని రాయగడ డివిజన్‌లోకి వెళుతుంది. మా ఊళ్లవాళ్లు అంత దూరం అర్జీలు పట్టుకుని తిరగలేరు. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఈ మూడు కోరికలూ రాతపూర్వకంగా అక్కడికి పంపి, వచ్చిన జవాబును పత్రికలకు ఇవ్వాలని కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, శృంగవరపుకోట