పేరు తీసేస్తే మిగిలేది

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో ఏడుపు ఆపుకుంటూ నువ్వు అడిగిన మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "పేరు తీసెయ్యమన్నారు, ఊరు తీసెయ్యమన్నారు, ఫొటో వద్దన్నారు. ఇక మిగిలేది ఏమిటమ్మా?" అన్నావు. ఆ క్షణాన సరైన జవాబు తోచలేదు. అందుకే తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను. కాగితం మీద అయితే తొందరపడకుండా చెప్పగలను. పైగా నీకు ఇన్నాళ్లూ చెప్పని విషయం ఒకటి ఇందులో చెప్పాలి. నోటితో చెప్పడం నావల్ల కాలేదు.

ముందు మీ వెబ్‌సైటు కోసం నువ్వు రాసిన వ్యాసం, మీ ఎడిటరు పేరు, ఊరు, ఫొటో తీసెయ్యమన్న ఆ వ్యాసం సంగతి. మూడుసార్లు చదివాను. సహాయ శిబిరంలో నువ్వు పనిచేసిన ఆ పదిహేను రోజుల్లో కలిసిన పదమూడేళ్ల అబ్బాయి కథ. వరద రాత్రి అతను చెల్లెలిని భుజాన ఎత్తుకుని నీళ్లలో నడవడం, ఇల్లు కూలిన చప్పుడు, మర్నాడు శిబిరం గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడవడం. మొదటిసారి చదివినప్పుడు నా గొంతు పట్టేసింది. నువ్వు బాగా రాస్తావు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. రెండోసారి మాత్రం నేను నీ అమ్మగా కాక, ఆ అబ్బాయిగా చదవాలని ప్రయత్నించాను. సగంలో ఆపేశాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వరద వచ్చిందనీ, ఒక బడి భవనంలో పదకొండు రోజులు తలదాచుకున్నామనీ నీకు తెలుసు. ఫొటో సంగతి తెలియదు.

నాలుగో రోజున దుప్పట్లు పంచారు. బారులో నేను, మా అమ్మ నిలబడ్డాం. నా వంతు వచ్చి చెయ్యి చాచినప్పుడు ఎదురుగా ఎవరో ఫొటో తీశారు. పేరు అడగలేదు, తీయవచ్చా అని అడగలేదు, పక్కనున్నది ఎవరని అడగలేదు. వారం తిరిగేసరికి ఆ ఫొటో ఒక పత్రికలో వచ్చింది. కింద ఒకే ఒక వాక్యం: వరదలో అందరినీ పోగొట్టుకున్న అనాథ బాలిక. మా అమ్మ నా పక్కనే ఉంది తల్లీ. ఫొటోను కత్తిరించినప్పుడు ఆమె పోయింది.

బడి మళ్లీ తెరిచాక ఆ పత్రిక తరగతి గదిలోకి వచ్చింది. నాకు కొత్త పేరు వచ్చింది. నా అసలు పేరు తెలిసిన పిల్లలు కూడా ఆ పేరుతోనే పిలిచారు, ఒక ఏడాది కాదు, బడి మారేదాకా. ఒక టీచరు ఎంతో దయగా నన్ను పక్కకు తీసుకెళ్లి, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటున్నావమ్మా అని అడిగారు. చివరికి మా అమ్మ బడికి వచ్చి, తాను బతికే ఉన్నానని ప్రధానోపాధ్యాయుడి ముందు నిలబడి చెప్పుకోవలసి వచ్చింది. ఆ రోజు ఆమె ముఖం నేను మరచిపోలేదు. వరద ఇంటిని తీసుకెళ్లినప్పుడు కూడా ఆమె అంత చిన్నబోలేదు.

ఫొటో తీసినవారిని ఇప్పుడు నేను తిట్టుకోవడం లేదు. ఆ ఫొటో వచ్చాక సాయం ఎక్కువగా వచ్చిందని పెద్దవాళ్లు చెప్పుకున్నారు. అది నిజమే అయి ఉండవచ్చు. ఆ దుప్పటి వెచ్చగా ఉన్నదన్నదీ నిజమే. నా బాధ ఒక్కటే. ఆ వాక్యం రాసినవారు దాన్ని నేను చదువుతానని అనుకోలేదు. మాకూ చదువు వస్తుందన్న ఊహే వారికి రాలేదు.

నీ ఎడిటరు నీ కాగితం మీద పెట్టిన ఎర్ర గీతలు చూసినప్పుడు నాకు కలిగినది కోపం కాదు, కృతజ్ఞత. నా విషయంలో ఎవరూ గీయని గీతలు అవి.

"అతను ఒప్పుకున్నాడు, నేను అడిగాను" అన్నావు. అడిగావని నాకు తెలుసు. అడిగినప్పుడు నీ ఒంటి మీద సంస్థ గుర్తున్న చొక్కా ఉంది. అతనికి నీళ్లు, మందులు, దుప్పటి ఇచ్చేవారందరి ఒంటి మీదా అదే చొక్కా ఉంది. రేపు మళ్లీ అదే బారులో నిలబడవలసిన పిల్లవాడు ఆ చొక్కా వేసుకున్న అక్కతో వద్దు అనగలడా? నువ్వు బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. అయినా అతనికి కాదనే వీలు ఉందా లేదా అన్నది నీ మంచితనంతో తేలదు, అతని పరిస్థితితో తేలుతుంది. వద్దన్నా నీకు అందేది అందుతూనే ఉంటుంది అని ముందుగా, స్పష్టంగా చెప్పి, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, ఒకటి రెండు రోజులు ఆలోచించుకోనిచ్చి, ఆ తర్వాత మళ్లీ అడగాలి. అప్పుడు వచ్చే అవును వేరు.

ఇంకొకటి. నా ఫొటో వచ్చిన పత్రిక పదేళ్లలో చెదలు తిని ఉంటుంది. మీ వెబ్‌సైటు అలా కాదు. పాతికేళ్ల వయసులో అతను ఉద్యోగానికి వెళితే, అక్కడివారు అతని పేరు వెతికితే, గోడకు ఆనుకుని ఏడుస్తున్న పదమూడేళ్ల పిల్లవాడే ముందు కనిపించవచ్చు. తన గురించి లోకానికి మొదట ఏం తెలియాలో నిర్ణయించుకునే అవకాశం అతనికి మిగలదు.

నాకు తెలిసినది రాసే హక్కు నాకు లేదా అనీ అడిగావు. న్యాయమైన ప్రశ్నే. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను ఒకసారి తెరిచి చూడు. సాధారణంగా పద్దెనిమిదేళ్లు నిండనివారంతా దాని లెక్కలో పిల్లలే. పదిహేడేళ్ల నువ్వూ, పదమూడేళ్ల అతనూ. 13వ అధికరణం నీకు తెలిసినది చెప్పే హక్కును, సమాచారాన్ని కోరి, పొంది, పంచే హక్కును ఇస్తుంది. 16వ అధికరణం పిల్లల వ్యక్తిగత జీవితాన్ని, ఇంటిని, కుటుంబాన్ని, పరువును కాపాడుతుంది. 13వ అధికరణంలోనే ఇంకో మాట ఉంది: ఇతరుల హక్కుల కోసం, పరువు కోసం ఈ స్వేచ్ఛకు చట్టం హద్దు పెట్టవచ్చు అని. నీ హక్కు, అతని హక్కు ఒకే పత్రంలో, ఒకదాన్ని ఒకటి చూసుకుంటూ ఉన్నాయి. నీ గొంతు నొక్కడానికి ఎవరూ ఆ గీతలు గీయలేదు.

రాయడం మానుకోమని నేను అంటున్నానని మాత్రం అనుకోకు. ఆపదలో ఉన్నవారికి రాత కూడా సాయమే. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరీనో యుద్ధం జరిగిన సాయంత్రం, తన వ్యాపారం పని మీద అటు వెళ్లిన హెన్రీ డ్యునాంట్ వేల మంది గాయపడిన సైనికులను చూశారు. అప్పటికి ఆయన వయసు 31. పక్కనున్న కాస్టిగ్లియోనే పట్టణంలోని స్త్రీలతో కలిసి, వారు ఏ పక్షం సైనికులని చూడకుండా కట్లు కట్టారు, నీళ్లు పట్టారు. అంతటితో ఊరుకుంటే ఆ దయ ఆ పట్టణంలోనే ముగిసిపోయేది. చూసినదంతా పుస్తకంగా రాసి 1862లో సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. మరుసటి ఏడాది జెనీవాలో రెడ్‌క్రాస్‌కు మూలమైన కమిటీ ఏర్పడింది. 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చింది. ఆయన గాయాలను మాత్రమే చూపించి వదిలెయ్యలేదు. ప్రతి దేశంలోనూ శాంతికాలంలోనే స్వచ్ఛంద సేవకులను సిద్ధం చేసుకోవచ్చు కదా అని అడిగారు. చదివినవాడికి జాలితో పాటు చేయడానికి ఒక పని కూడా దొరికింది.

జాలిని నేను తక్కువ చేయను. 1984 అక్టోబరులో ఇథియోపియా కరువు దృశ్యాలు టెలివిజన్‌లో వచ్చినప్పుడు ప్రపంచం నిజంగానే కదిలింది, విరాళాలు వెల్లువెత్తాయి. ఆ దృశ్యాలు చూపించకపోతే బాగుండేదని నేను ఎన్నటికీ అనను. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు చాలామంది మనసుల్లో ఆ దేశమంటే ఎముకల గూడులాంటి పిల్లలే. అక్కడ పగలనక రాత్రనక పనిచేసిన ఆ దేశపు నర్సులు, బస్తాలు మోసినవారు, పక్కవాడి బిడ్డను కూడా ఎత్తుకుని నడిచినవారు ఎవరికీ గుర్తులేరు. ఈ బాధ సేవాసంస్థలకూ కలిగింది. 1994లో రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమమూ, ఇతర సంస్థలూ కలిసి విపత్తు సహాయానికి పది నియమాలతో ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అందులో పదోది నీ ఎర్ర గీతలకు తాత లాంటిది: మన ప్రచారంలో, ప్రకటనల్లో విపత్తు బాధితులను గౌరవం గల మనుషులుగా చూపాలి, దిక్కులేని వస్తువులుగా కాదు. మిగతా తొమ్మిదింటి పక్కన దాన్నీ పెట్టారంటే, ఫొటో కింద వాక్యం రాయడాన్ని వారు సహాయంలో భాగంగానే చూశారన్నమాట.

సరే, పేరు, ఊరు, ఫొటో తీసేస్తే మిగిలేది ఏమిటి?

పది రోజుల కిందట ఇదే అబ్బాయి గురించి నువ్వు నాకు ఫోనులో ఏం చెప్పావో గుర్తుందా? శిబిరంలో ఒకే ప్లగ్గు ఉందనీ, ముప్పై నలభై ఫోన్లు ఛార్జింగు కోసం వస్తున్నాయనీ, మొదటి రోజు దాని దగ్గర పెద్ద తగాదా అయిందనీ చెప్పావు. రెండో రోజు పొద్దున్నే ఈ అబ్బాయి సుద్దముక్కతో నేల మీద అంకెలు వేసి, ఒక నోటుబుక్కులో వరుస రాయడం మొదలుపెట్టాడన్నావు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. పెద్ద గొంతుతో వచ్చినవారికీ అంతే. ఒక ముసలామెకు మాత్రం వరుస లేదు. ఆమె కొడుకు ఫోను కోసం ఎదురుచూస్తోంది కాబట్టి ఆమె ఎప్పుడు వచ్చినా ముందు ఆమెకే. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. నువ్వు ఇది చెబుతూ ఎంత నవ్వావో!

నీ వ్యాసంలో అది ఒక్క ముక్క లేదు తల్లీ. ఏడుపు ఉంది, సుద్దముక్క లేదు.

పేరు లేకపోయినా ఆ నోటుబుక్కు ఉంటుంది. ఊరు లేకపోయినా ఆ ఇరవై నిమిషాలు ఉంటాయి. మీ వెబ్‌సైటు చదివేది నీ వయసు పిల్లలు. ఎక్కడో ఇంకో శిబిరంలో, ఇంకో ప్లగ్గు దగ్గర తగాదా జరుగుతుంటే అది చదివిన పిల్ల ఒకతె సుద్దముక్క అందుకోవచ్చు. ఏడుపు మొత్తం తీసెయ్యమని నేను అనను. అతను ఏడ్చాడు, అది నిజం. అది ఉండాలో వద్దో అతను చెప్పాలి.

నీకు ఇచ్చిన మరో పని మీద నీకున్న చిరాకు గురించి కూడా రెండు మాటలు. ఫొటోల కింద పేర్లు సరిచూడటం, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేందుకు ప్రతి బొమ్మకూ వర్ణన రాయడం గుమాస్తా పని అన్నావు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే జెనీవాలో యుద్ధఖైదీల సమాచారం కోసం రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఒక కార్యాలయం తెరిచింది. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసినవారు, అందులో ఎక్కువమంది స్త్రీలు, ఖైదీల జాబితాలను, ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలను చూసి ఒక్కొక్క పేరునూ కార్డు మీదికి ఎక్కించారు. దాదాపు 70 లక్షల కార్డులు. రచయిత రోమా రోలా కూడా కొన్నాళ్లు అక్కడ కూర్చుని ఆ పనే చేశారు. ఒకే పేరున్న సైనికులు ఎందరో. ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పితే ఒక తల్లికి తన కొడుకు బతికున్నాడన్న కబురు అందదు. నా ఫొటో కింది వాక్యాన్ని సరిచూసే గుమాస్తా ఒకరు ఉంటే నా బడి రోజులు ఇంకోలా ఉండేవి. బొమ్మకు వర్ణన రాసేటప్పుడు కూడా "పేద పిల్ల" అని రాయకు. ఆ పిల్ల ఏం చేస్తున్నదో రాయి. పేదరికం నీ ఊహ, చేస్తున్న పని నీ కళ్ల ముందున్నది.

నీ ఫోనులో మిగిలిన ఫొటోల సంగతి కూడా చూడు. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైలులోనే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. శిబిరాల్లో ఒంటరిగా చేరిన పిల్లలను వెతుక్కుంటూ వచ్చేవారంతా బంధువులే కారు. స్నేహితులకు కూడా పంపవద్దు.

రాత్రిళ్లు ఆ మాటలన్నీ చెవుల్లో తిరుగుతున్నాయన్నావు. ఆ సంగతి నాకు చెప్పినట్టే మీ సమన్వయకర్తకు కూడా చెప్పు. విన్న బాధ కూడా బరువే. అది చెప్పుకున్నంత మాత్రాన నీకు ఈ పని చేతకాదని ఎవరూ అనుకోరు.

వచ్చే వారం మళ్లీ శిబిరానికి వెళుతున్నావు కదా. కొత్త ప్రతి రాసుకుని తీసుకెళ్లు. ఆ చొక్కా వేసుకోకుండా, అతని ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు, అతని పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. ఎక్కడైనా అతను తల దించుకుంటే ఆ వాక్యం దగ్గర ఆగు. కథలో తనకు ఏ పేరు కావాలో అతన్నే పెట్టుకోమను. వద్దు అంటే నోటుబుక్కు మూసేసి కాసేపు మాట్లాడి రా. వ్యాసం పోతుంది, పోనీ. నువ్వు ఇంకా ఎన్నో రాస్తావు.

ఆ పత్రిక ముక్క నా దగ్గర ఉంది. మీ అమ్మమ్మే దాచింది, ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. దాన్ని ఈ ఉత్తరంతో పంపడం లేదు, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను. అంచు దాకా బాగా కత్తిరించారు. అయినా దగ్గరగా పెట్టుకుని చూస్తే నా ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు కనిపిస్తాయి. అవి ఆమెవే.

ప్రేమతో,
అమ్మ