పునాదికీ గోడకీ మధ్య అంగుళంన్నర

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో వేళచ్చేరి, మడిపాక్కం, పళ్ళికరణై వైపు ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాళ్ళు మేస్త్రీని తప్పక అడగాల్సిన మాట: ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ కింద వచ్చే కాంక్రీటు దూలం) మీద డీపీసీ, అంటే నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఆపే పొర, వేస్తున్నారా? "బీమే కాంక్రీటు కదా, మళ్ళీ అదెందుకు?" అంటే ఒప్పుకోకండి. మామూలు కాంక్రీటులోనూ సన్నని రంధ్రాలుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ఆ చిత్తడి నేలల్లో భూమిలోని నీరు బాగా పైకొస్తుంది. వత్తి నూనె పీల్చినట్టు గోడ ఆ చెమ్మను పీలుస్తుంది. నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు గోడ లోపల గడ్డకట్టి, రంగునూ ప్లాస్టరింగునూ పెచ్చులుగా ఊడదీస్తుంది.

డీపీసీకి సిమెంటు, ఇసుక, సన్న కంకర చిప్స్ 1:2:4 పాళ్ళలో కలిపిన కాంక్రీటు 40 మి.మీ. (సుమారు అంగుళంన్నర) మందాన, గోడ వెడల్పంతా పరవాలి. 50 కిలోల సిమెంటు బస్తాకు కిలో వాటర్‌ప్రూఫింగ్ పొడి కలపాలి. ద్రవమైతే డబ్బా మీది కొలతే కొలత. వారం రోజులు నీళ్ళు పట్టి, పూర్తిగా ఆరనిచ్చి, దుమ్ము దులిపి, కిరోసిన్ అద్దిన గుడ్డతో తుడిచి, చదరపు మీటరుకు 1.7 కిలోల లెక్కన వేడి తారు పూయాలి. తడి మీద పూస్తే తారు పట్టదు. 9 అంగుళాల గోడలు మొత్తం 60 మీటర్లున్న ఇంటికి సుమారు 4 బస్తాల సిమెంటు, 24 కిలోల తారు సరిపోతాయి. ఇంతేనండీ ఖర్చు!

ఇంత చేశాక కూడా చెడగొట్టేది బయటి ప్లాస్టరింగు. నేల నుంచి గోడ పైదాకా ఏకంగా పూసేస్తే చెమ్మ డీపీసీని తాకకుండానే ఆ పూతలోంచి ఎక్కిపోతుంది. డీపీసీ దగ్గర పూత ఆపి, వేలెడు గాడి వదిలి, పైది వేరుగా పూయించండి. గోడకు ఆనించి పూలమొక్కలకు మట్టి పోసినా అదే నష్టం. డీపీసీ బయటి నేలకు కనీసం 150 మి.మీ. ఎత్తున ఉండాలి. మన వీధుల్లో పాత తారు చెక్కకుండా దాని మీదే మళ్ళీ రోడ్డు వేసి ఎత్తు పెంచేస్తుంటారు కనుక ఇవాళ్టి రోడ్డును నమ్మి బేస్‌మెంటు ఎత్తు నిర్ణయించవద్దు.

లోపలి అడ్డగోడలకూ డీపీసీ కావాలి. గచ్చు కింద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, అంచులు డీపీసీ దాకా మడవాలి. సముద్రం పక్కన బోరు నీళ్ళు పరీక్ష చేయించనిదే కాంక్రీటులో కలపకండి. ఇనుము ఉన్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇంటి అప్పు విడతలుగా ఇచ్చే బ్యాంకులు ప్లింత్ దశలో ఇంజనీరును పంపుతాయి. ఆయన నివేదికలో డీపీసీ వేశారా లేదా అన్న గడి కూడా చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గోడలు లేచాక దాన్ని చూడడానికి ఉండదు.

— ఒక సివిల్ ఇంజనీరు, చెన్నై